లావాదేవీ ఆగే చోటు

డేటాబేస్ సామర్థ్యాన్ని సెకనుకు ఎన్ని లావాదేవీలు ముగిశాయన్న ఒక్క అంకెతో చెప్పడం చాలాకాలంగా ఉన్న ఆచారమే గాని, మందగమనానికి మూలం వెదికేవారికి ఆ అంకె కన్నా ఒక్కో లావాదేవీ దేనికోసం ఎంతసేపు ఆగిందన్నదే ముఖ్యం. ఇందుకోసం నిజ వినియోగాన్ని పోలిన పనులను నిర్ణీత పాళ్లలో కలిపి డేటాబేస్‌పై పదేపదే నడుపుతారు; అదే బెంచ్‌మార్క్ వర్క్‌లోడ్. 1985లో జిమ్ గ్రే, ఆయన సహచరులు బ్యాంకు పద్దుల నమూనాతో ప్రతిపాదించిన డెబిట్‌క్రెడిట్ పరీక్ష తర్వాత ఇలాంటి పరీక్షలను నిర్దేశించే టీపీసీ సంస్థ ప్రమాణాలకు దారితీసింది. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌తో పాటు వచ్చే పరీక్షా సాధనం పీజీబెంచ్ కూడా ఆ కోవలోదే.

పీజీబెంచ్ మామూలు పరీక్షలో ప్రతి లావాదేవీ ఒక ఖాతా, ఒక టెల్లర్, ఒక బ్రాంచి పద్దులలోని నిల్వలను మార్చి, చరిత్ర పట్టికలో ఒక నమోదు చేరుస్తుంది. డేటా పరిమాణాన్ని నిర్ణయించే స్కేల్ 1 అయితే, లక్ష ఖాతాలు, 10 మంది టెల్లర్లు ఉన్నా బ్రాంచి మాత్రం ఒక్కటే. 50 క్లయింట్లు ఒకేసారి నడిస్తే, ఆ బ్రాంచి పద్దుపై లాక్, అంటే ఇతరులు దాన్ని మార్చకుండా ఆపే తాళం, ఒకరి చేతిలో ఉండగా తక్కినవారు ఆ లావాదేవీ కమిట్ అయ్యేదాకా, అంటే దాని మార్పులు ఖరారయ్యేదాకా, బారులో నిలబడాల్సిందే. డిస్కు వేగం పెరిగితే కమిట్ త్వరగా ముగిసి కొంత ఊరట దక్కవచ్చు; ప్రాసెసర్ కోర్లు పెంచితే మాత్రం దాదాపు ఏమీ మారదు. స్కేల్ కనీసం క్లయింట్ల సంఖ్యంత ఉండాలని పోస్ట్‌గ్రెస్ డాక్యుమెంటేషనే హెచ్చరిస్తున్నా, ఆ మాట చదవకుండా సర్వర్లను పోల్చేవారు కొలుస్తున్నది సర్వర్‌ను కాదు, ఆ ఒక్క పద్దు దగ్గరి తొక్కిసలాటను.

కాబట్టి పరీక్ష నడుస్తుండగానే, ఒక్కో కనెక్షన్ ఏం చేస్తోందో పోస్ట్‌గ్రెస్ చూపే పీజీ_స్టాట్_యాక్టివిటీలోని నిరీక్షణ వివరాలను క్షణక్షణం నమూనాలుగా తీసుకోవడం ఈ పనికి ప్రాణం. స్కేల్ పెంచాక లాక్ నిరీక్షణలు తగ్గి, మార్పులను ముందుగా నమోదు చేసే వాల్ లాగ్‌ను డిస్కుకు చేర్చేందుకు ఆగడం పైకి తేలితే, అడ్డంకి అక్కడికి మారిందని అనుమానించాలి. అనుమానాన్ని తేల్చుకోవడానికి, పరీక్షా యంత్రంపై మాత్రమే, లాగ్ డిస్కుకు చేరేదాకా కమిట్‌ను నిలిపి ఉంచే సింక్రనస్_కమిట్ అమరికను ఆపి చూడవచ్చు. వేగం ఒక్కసారిగా పెరిగితే కారణం దొరికినట్టే. ఒకసారికి ఒక్కదాన్నే మార్చాలన్న నియమం ఇక్కడ తప్పనిసరి.

పరీక్షలో దొర్లే ఇంకొక లోపం స్కేల్ పొరపాటు కన్నా లోతైనది. క్లయింట్ ఒక జవాబు అందాకే మరో పని పంపే పద్ధతిలో, డేటాబేస్ రెండు సెకన్లు స్తంభించినా ఆ వ్యవధిలో రావలసిన పనులు రానేరావు గనుక, సగటు జాప్యం అందంగానే కనిపిస్తుంది. పీజీబెంచ్‌లో రేట్ ఎంపికతో పనులు పంపే వేగాన్ని ముందే నిర్ణయిస్తే, జాప్యాన్ని ప్రతి పని మొదలు కావలసిన క్షణం నుంచే లెక్కగట్టడం వల్ల ఆ స్తంభన దాగదు.