అద్దంలో అమ్మాయి

కర్నూలు, కడపల నుంచి పెళ్ళికో పనికో హైదరాబాదు వెళ్ళిన ఆడవాళ్ళకు లాడ్‌బజారులో గాజులు కొన్నాక తప్పని మజిలీ సాలార్‌జంగ్ మ్యూజియం. 1951లో జనానికి తలుపులు తెరిచిన ఈ మ్యూజియాన్ని 1961లో జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా ప్రకటించారు. గంటలు కొట్టే గడియారం ముందూ, ఇటలీ శిల్పి బెంజోనీ పాలరాతిలో చెక్కిన మేలిముసుగు రెబెకా ముందూ ఎప్పుడూ గుంపే. నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది మాత్రం జంట కొయ్యబొమ్మ.

ఒకే మాను. ముందువైపు మెఫిస్టోఫిలిస్ అనే సైతాను: పొడుగాటి ముఖం, వెటకారపు నవ్వు, నిటారుగా నిలబడ్డ ధీమా. వెనకవైపు మార్గరెట్: చేతిలో ప్రార్థన పుస్తకం, వంచిన తల, వాల్చిన కళ్ళు. వాడు మనకు ఎదురుగా ఉంటాడు. ఆమె వెనక పెట్టిన అద్దంలో కనబడుతుంది. ఎవరో 19వ శతాబ్దపు ఫ్రెంచి శిల్పి పనితనం. చెడునీ మంచినీ ఒకే కొయ్యలో చూపించాడని అందరూ మెచ్చుకుంటారు.

నా పక్కన ఒక పెద్దావిడ, మాటను బట్టి మా సీమ మనిషే, మనవరాలికి చెబుతోంది: "చూడు పాపా, ఆడబిడ్డంటే అట్లుండాల. తల ఎత్తిందేమో చూడు!"

ఆవిడను తప్పుపట్టలేం. బొమ్మ చెప్పేదీ అదే. నా పేచీ శిల్పితోనే.

మార్గరెట్ జర్మన్ కవి గ్యోతే రాసిన 'ఫౌస్ట్' నాటకంలోని అమ్మాయి. దాని మొదటి భాగం 1808లో అచ్చయింది. ఫౌస్ట్‌ను నమ్మి ఆమె తల్లిని పోగొట్టుకుంది, అన్నను పోగొట్టుకుంది, కన్నబిడ్డను తన చేతులతోనే నీళ్ళపాలు చేసి చెరసాల పాలయింది. అంతటి పతనంలోనూ రెండు సంగతులు మరువరానివి. మీ స్నేహితుడి ముఖం చూస్తేనే నాకు గిట్టదని ఆమె ఫౌస్ట్‌తో ముందే చెప్పింది. చివరికి అతడు చెర విడిపించడానికి వస్తే, వెళ్ళనంది.

తల వంచుకుని నిలబడ్డ పిల్ల సైతాను ముఖాన్ని ఎప్పుడు చూసినట్టు? ఎట్లా పోల్చుకున్నట్టు? పుస్తకంలోని మార్గరెట్ వాణ్ణి సూటిగా చూసింది. శిల్పి ఆమెను వాడి వీపుకు అతికించి, ఆ చూపునే చెక్కి పారేశాడు. కొయ్యపని అద్భుతం, కాదనను. కానీ మంచితనం అంటే కళ్ళు వాల్చుకోవడమేనన్న అర్థం ఆ ఉలిదే, కవిది కాదు. మన సీరియల్ నవలల్లో ఎందరు నాయికలు ఈ అచ్చులోనే పోతపోసినట్టు ఉంటారో మీకు నేను చెప్పాలా?

కర్నూలు నుంచి తుంగభద్ర దాటితే అలంపురం. అక్కడ స్వర్గబ్రహ్మ ఆలయం గోడల మీద చాళుక్యుల కాలంనాటి జంటలు ఉన్నాయి. ఏడో శతాబ్దపు పని. ఆ రాతి ఆడవాళ్ళు మగవాళ్ళ వెనక కాదు, పక్కన నిలబడ్డారు. వాళ్ళను చూడడానికి అద్దం అక్కర్లేదు.

హైదరాబాదు వెళితే జంటబొమ్మను తప్పక చూడండి. మీ అమ్మాయిని వెంటబెట్టుకుని వెళితే మార్గరెట్ కథ కూడా చివరిదాకా చెప్పండి. తల వంచిన దగ్గరే ఆపేయకండి.