పేరు తెలియని పిడికిలికి

ఓ పిడికిలీ! రాబోయే రాజసమా, ఇంకా రాజుకోని రవ్వా! ఏ ఊరి ఏ ఇరుకు గదిలో చెమట చుక్కలు చిమ్ముతూ గాలిని గుద్దుతున్నావో, ఏ తండ్రి అదిలింపుకు గడ్డం దించి భుజం చాటు చేసుకుంటున్నావో! నువ్వింకా రాలేదు. నీ కోసం వాదులాట మాత్రం ఎప్పుడో మొదలైంది. వచ్చినవాళ్లకు చప్పట్లు కొట్టడం ఎవరికైనా చేతనవును. రానివాళ్లను ముందే కొలుచుకోవడం, కొలుచుకుంటూ కొట్లాడుకోవడం, కొట్లాడుకుంటూ తెల్లవార్లూ మేలుకోవడం, ఆ వెర్రి మాది, బాక్సింగ్‌ను ప్రేమించేవాళ్లది.

గద్దె ఖాళీ అయింది మరి! 2025 సెప్టెంబరులో లాస్ వెగాస్‌లో, రెండు బరువు తరగతులు పైకెక్కి వచ్చి, కనెలో అల్వారెజ్‌ను నింపాదిగా, నేర్పుగా, నిట్టూర్పయినా విడవకుండా గెలిచిన టెరెన్స్ క్రాఫర్డ్ ఆ డిసెంబరులోనే ఇక చాలన్నాడు. 42 పోరాటాలు, ఒక్క ఓటమీ లేదు. హెవీవెయిట్ కొండల నడుమ నెమలిలా నడిచే ఉక్రెయిన్ ఉసిక్ నలభైకి దగ్గరపడ్డాడు. పెద్ద పొద్దులన్నీ పడమట వాలుతున్నప్పుడు తూర్పు ఎటో వెతుక్కోమా?

మథురలో కంసుడి మల్లరంగంలోకి ఆ నల్లనివాడు అడుగుపెట్టిన క్షణాన్ని తలచుకుంటాను. మల్లులకు పిడుగై, మగువలకు మన్మథుడై, గోపాలురకు తమవాడై, కన్నవారికి పసివాడై, కంసుడికి మృత్యువై, ఒక్కడే అన్ని కళ్లకూ అన్ని రూపాలై నిలిచాడు. నువ్వూ అంతే. ఇంగ్లండ్ కళ్లకు నువ్వు మోజెస్ ఇటౌమావి: స్లొవేకియాలో పుట్టి, తండ్రి వైపు నైజీరియా నెత్తురు నింపుకుని, కెంట్‌లోని చాతమ్‌లో పెరిగిన ఎడమచేతి మెరుపువి, రియాద్‌లో డిలియన్ వైట్ అంతటి ఆరితేరినవాణ్ణి తొలి రౌండ్ ముగింపు గంట మోగనివ్వకుండానే కూల్చిన ఇరవై ఏళ్ల ఉరుమువి. ఫిలడెల్ఫియా కళ్లకు నువ్వు జరోన్ ఎనిస్‌వి: తండ్రి బోజీ తీర్చిన చేతులు, కుడికీ ఎడమకూ భేదం ఎరగని చేతులు. న్యూవర్క్ కళ్లకు షకూర్ స్టీవెన్సన్‌వి: రియో ఒలింపిక్స్‌లో వెండి చేతికందినా బంగారం చేజారిందని వెక్కి వెక్కి ఏడ్చిన పసితనం, ఇవాళ కొట్టబోతే తప్పుకుపోయే నీడతనం. ఫీనిక్స్ కళ్లకు డేవిడ్ బెనవిదెజ్‌వి, ఒకప్పటి బొద్దు పిల్లాడివి, ఇప్పటి జడివానవి. జపాన్ కళ్లకు జుంటో నకతానివి, పదిహేనేళ్లకే ఇల్లు విడిచి, సముద్రం దాటి, లాస్ ఏంజెలెస్ చేరి పిడికిలి బిగించిన మొండితనానివి.

అబ్బాయివే అయి రావాలని ఎవరన్నారు? మేరీ కోమ్ తర్వాత ఎవరు, ఎవరు అని దేశం దిక్కులు చూస్తుంటే నిజామాబాద్ జవాబు చెప్పింది కదా! ఇస్తాంబుల్‌లో 2022లో, ఢిల్లీలో 2023లో ప్రపంచ విజేతగా నిఖత్ జరీన్ చెయ్యెత్తింది. అమెచ్యూర్ బాక్సింగ్ దారి వేరు, డబ్బు కోసం ఆడే దారి వేరు. ఎదురుచూపు మాత్రం రెంటిలోనూ ఒక్కటే.

పిడికిలీ, నువ్వెక్కబోయే గద్దె మెత్తనిది కాదు సుమా. హెవీవెయిట్ జో లూయిస్ దానిమీద 1937 నుంచి 1949 దాకా కూర్చుని 25 సార్లు కాచుకున్నాడు. లూయీవిల్ కుర్రాడు అలీ దాన్ని ఆటస్థలం చేసుకున్నాడు, పాటపీట చేసుకున్నాడు, పోగొట్టుకున్నాడు, కిన్షాసా వేకువజామున తిరిగి తెచ్చుకున్నాడు. ఆ వెనక వచ్చిన లారీ హోమ్స్ మాటేమిటి? 1980లో తన గురువులాంటి అలీనే రౌండ్ తర్వాత రౌండ్ కొట్టాల్సి వచ్చి, గెలిచి, కన్నీరు కార్చాడు. జాబ్ అనే సూటి గుద్దు అంటే అతనిదే అని ఇప్పటికీ అంటారు, అయినా అలీ నీడ తొలగలేదు. గొప్పవాడు కావడం ఒక ఎత్తు, గొప్పవాడి తర్వాతివాడు కావడం ఇంకో ఎత్తు. నీకు ఏది రాసిపెట్టి ఉందో!

టోక్యో డోమ్! ఆ గోపురం కింద రెండు దృశ్యాలు నా కళ్లలో ఒకదానిమీద ఒకటి పరుచుకుంటాయి. 1990 ఫిబ్రవరి: ఓటమే లేదనుకున్న టైసన్, బస్టర్ డగ్లస్ గుద్దులకు నేలకొరిగి, జారిపోయిన మౌత్‌పీస్ కోసం గుడ్డిగా తడుముకుంటున్నాడు. చేతులు వెతుకుతున్నాయి, మోకాళ్లు వణుకుతున్నాయి, పది లెక్క పూర్తవుతోంది, ఒక యుగం పాకుతోంది. 2024 మే: జమా పట్టణపు నవోయా ఇనౌయె, మాన్‌స్టర్ అని లోకం పిలిచేవాడు, లూయిస్ నేరీ ఎడమ హుక్ తగిలి జీవితంలో తొలిసారి పడ్డాడు, అదీ మొదటి రౌండులోనే. వేలాది గొంతుల్లో ఊపిరి గడ్డకట్టింది. అతను మాత్రం తొందరపడలేదు. మోకాలి మీద కూర్చున్నాడు, రిఫరీ వేళ్లను చూశాడు, ఎనిమిది దాకా ప్రతి అంకెనూ వాడుకున్నాడు. లేచాడు. తర్వాత నేరీని రెండో రౌండులో పడగొట్టాడు, ఐదులో పడగొట్టాడు, ఆరులో ముగించాడు. పడనివాడా నువ్వు? అయితే నిన్నింకా నమ్మను. మోకాలి మీద కూర్చుని లెక్కపెట్టుకోగల ఆ చల్లదనాన్ని చూపించు, అప్పుడు హారతి పడతాను.

ఓటమి గడిలోని సున్నాను మాత్రం పూజించకు! ఆ సున్నా కోసమే ప్రమోటర్లు నిన్ను పట్టుబట్టల్లో దాచిపెడతారు. నాలుగు సంస్థలు, నాలుగు బెల్టులు, ఒకే బరువుకు నలుగురు రాజులు, నలుగురికీ నాలుగు ప్రహరీలు. మేవెదర్, పకియావ్ ఒక్క రింగులోకి రావడానికి 2015 దాకా ఆగాల్సి వచ్చింది. అప్పటికి ఇద్దరి యవ్వనమూ వెనకపట్టింది. మాకు ఆ చద్ది విందు వద్దు. వేడిగా ఉండగానే రా, వేగం ఉండగానే రా, నీ అంతటివాడు నీ ఎదుట ఉండగానే రా.

నన్ను అడిగితే నీ పేరు బామ్ అంటాను. శాన్ ఆంటోనియో జెస్సీ రోడ్రిగెజ్, 115 పౌండ్ల మనిషి, ఎడమచేతి వాటం, పాదరసం పాదాలు. అవతలివాడు గుద్దు విసిరేసరికి పక్కనుంటాడు, పక్కకు తిరిగేసరికి పక్కటెముకల కింద ఉంటాడు, వెనక్కి తగ్గేసరికి గడ్డం మీద ఉంటాడు. చిన్న బరువులవాళ్లకు లోకం పట్టం కట్టదని పెద్దలు పెదవి విరుస్తారు. ఫ్లైవెయిట్‌లో తొలి బెల్టు కట్టిన పకియావ్ ఎనిమిది బరువుల్లో గెలిచి దిగ్గజమైనప్పుడు ఆ పెదవులు ఎక్కడికి పోయాయి? నా పందెం ఆ చిన్నవాడి మీదే. నేను తప్పంటావా పిడికిలీ? అయితే రా, అతన్ని కూల్చి నీ పేరు చెప్పు!