బొమ్మ రైలింజనులో మోటారుకు చోటెక్కడ?

డెన్మార్కు దేశపు లెగో సంస్థ 2009లో 'ఎమరాల్డ్ నైట్' అను ఆవిరి రైలింజను నమూనాను వెలువరించినది. 1,085 ముక్కలు కూర్చి దీనిని నిర్మించవలెను. మోటారును విడిగా కొనవలసియుండెను. అయినను 40 మిల్లీమీటర్ల వెడల్పుగల ఆ మోటారుకు రూపకర్తలు బాయిలరులో ముందే చోటు ఏర్పరచిరి.

ఇందు మెచ్చదగినది పొందిక మాత్రమే కాదు. చక్రము పట్టాలపై జారక ముందుకు సాగుటకు ఘర్షణ కావలెను. నడుపు చక్రములపై పడు బరువును బట్టి ఘర్షణ పెరుగును. బాయిలరులోని మోటారు బరువు ఆ చక్రముల మీదనే పడును. లోపము బ్యాటరీ పెట్టె విషయమున కలదు. దానిని వెనుకనున్న బొగ్గుబండిలో అమర్చిరి. అచ్చట దాని బరువు చక్రముల పట్టును పెంచదు సరికదా, ఇంజను లాగవలసిన భారమగును. చక్రములకు తొడిగిన రబ్బరు పట్టీలు ఈ కొరతను కొంత తీర్చును.

అదే సంస్థ 2023లో తెచ్చిన ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ నమూనా, 2,540 ముక్కలతో, కంటికి మరింత ఇంపైనది. కాని మోటారుతో నడుచుటకు ఉద్దేశింపబడలేదు. అలంకారమునకు అది చాలును, బోధనకు చాలదు. కదలని ఇంజనులో బరువు, ఘర్షణ ఎట్లు పనిచేయునో విద్యార్థికి తెలియదు. సొంతముగా రైలు కట్టువారు మొదట మోటారుకు, బ్యాటరీకి చోటు నిర్ణయించి, పిదప చుట్టును గోడలు కట్టుట మేలు.