అంతర్జాల రచయిత: పాఠకులు, పారితోషికము

ఈనాడు అంతర్జాలమున రచనలు చేయువారికి హితవు చెప్పువారు పెక్కురు బయలుదేరినారు. ప్రతిదినము వ్రాయవలెను, ఒకే విషయమును పట్టుకొనవలెను, ముందుగా పాఠకులను కూడగట్టవలెను, ఆపైన ధనము దానంతట అదియే వచ్చును, ఇది వారి ఉపదేశసారము. మన తిరువళ్లూరు, తిరుత్తణి ప్రాంతములలో చదువుకొన్న యువకులలో ఈ మాట చెవిని పడనివారు అరుదు. మా వీధిలోని పిల్లలు ఇద్దరు తెలుగున కథలు వ్రాయుచున్నారు. వారొకనాడు మా అరుగుపై కూర్చుండి, "తాతగారూ, దీనివలన బ్రతుకు గడచునా?" అని అడిగిరి.

మేము పండితులము కాము. ఎస్.ఎస్.ఎల్.సి. ముగించి, గుమాస్తాగా చేరి, ఆ కుర్చీలోనే విశ్రాంతి వయస్సునకు వచ్చినవారము. జమాఖర్చు సరిచూచుట ఒక్కటే మాకు వచ్చిన విద్య. ఆ విద్యతోనే ఈ ఉపదేశమును పరిశీలింప బూనుకొంటిమి.

మొదట చెప్పవలసినది, ఈ ఉపదేశము క్రొత్తది కాదు. పూర్వము కవికి రాజు ఆధారము. తిరుత్తణి కార్వేటినగరము జమీనులోనిది. ఆ సంస్థానము నీడననే సారంగపాణి తన పదములను వేణుగోపాల ముద్రతో వెలయించెను. అచట పోషకుడొక్కడే, శ్రోతలు కొందరే. ఆ పిమ్మట తిరుపతి వేంకట కవులు ఒక్క ప్రభువును నమ్ముకొని కూర్చుండక, అవధానములు చేయుచు సంస్థానమునుండి సంస్థానమునకు తిరిగిరి. సభలో కూర్చున్న సామాన్యుడు గూడ పద్యమును మెచ్చుకొనుట నేర్చెను. పాఠకులను కూడగట్టుట యనగా ఇదియే కదా!

కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి మార్గము మరింత గమనింపదగినది. వారు 1893లో బొంబాయిలో అమృతాంజనము స్థాపించి, సంగీత సభలలో దానిని ఉచితముగా పంచిపెట్టిరి. జనులకు అలవాటైన పిదప విక్రయించిరి. 1908లో ఆంధ్రపత్రికను వారపత్రికగా అచటనే ప్రారంభించి, 1914లో మద్రాసున దినపత్రిక చేసిరి. పత్రికకు తలనొప్పి మందు అండగా నిలిచినది. ముందు ఉచితముగా ఇమ్ము, పిమ్మట అమ్ముమని నేటి ఉపదేశకులు చెప్పు సూత్రమును పంతులుగారు నూరేండ్లకు పూర్వమే ఆచరించిరి. అయితే ఒక భేదము కలదు. వారు అమ్మినది మందును, పోషించినది అక్షరమును. నేటివారు అక్షరమునే మందువలె అమ్ముమనుచున్నారు.

విదేశముల సంగతి చూచినను ఇంతే. ఆంగ్ల నవలాకారుడు చార్లెస్ డికెన్స్ 1836-37లో పిక్విక్ కథను నెలకొక భాగముగా, భాగమునకు ఒక షిల్లింగు వెలకు వెలువరించెను. మొదట వందలలో పోయిన ప్రతులు ముగింపునాటికి నలుబది వేలకు చేరినవి. తరువాత ఏమగునో యని పాఠకుని నిలిపి ఉంచు విద్య అంతర్జాలముతో పుట్టినది కాదు.

మన వారపత్రికల కాలమును ఈ సంచికను చదువు పెద్దలు మరచి యుండరు. యద్దనపూడి సులోచనారాణిగారి 'సెక్రటరీ' జ్యోతి మాసపత్రికలోను, యండమూరి వీరేంద్రనాథ్‌గారి 'తులసిదళం' ఆంధ్రభూమి వారపత్రికలోను ధారావాహికలుగా వచ్చినవే. రేణిగుంట బండిలో తెలుగు పత్రికల కట్ట దిగునప్పుడు తిరుత్తణి స్టేషనులో కాచుకొని యుండినవారిలో మేమొకరము. ఆ పత్రిక ముగ్గురు నలుగురి చేతులు మారి, అట్ట చినిగి, తుదకు అద్దె పుస్తకముల అంగడికి చేరెడిది. ఆ కాలమున రచయితకు సంపాదకుడు అడ్డుగోడయు, తోడునీడయు. తప్పులు దిద్దువాడును అతడే, పారితోషికము పంపువాడును అతడే.

ఇప్పుడు సంపాదకుడు లేడు. గోడయు లేదు, నీడయు లేదు. తిరుత్తణిలో కూర్చుండి వ్రాసినది మరుక్షణమున అమెరికాలోని తెలుగువాడు చదువగలడు. ఇది నిజముగా గొప్ప మేలు. రాష్ట్ర సరిహద్దు అక్షరమునకు అడ్డము కాకుండుట మనవంటి వారికి ఎంత ఊరటయో వేరుగా చెప్పనక్కరలేదు.

ఇక ధనము సంగతి. తెలుగు పుటలపై గూగుల్ సంస్థ ప్రకటనలకు 2018లో గాని అవకాశము కలుగలేదు. హిందీకి అది 2014లోనే కలిగినది. ఆ 2018లోనే యూట్యూబువారు ప్రకటనల రాబడిలో భాగము కోరువారికి వేయిమంది చందాదారులు, ఏడాదిలో నాలుగువేల గంటల వీక్షణము ఉండవలెనని నియమము పెట్టిరి. అమెజాన్ సంస్థ 2016 డిసెంబరులో కిండిల్ పుస్తకములకు ఐదు భారతీయ భాషలను ప్రకటించినది. అవి హిందీ, తమిళము, మరాఠీ, గుజరాతీ, మలయాళము. తెలుగు ఆ వరుసలో లేదు. మన ప్రక్కింటి తమిళ రచయిత ఇంట కూర్చుండి తన నవలను ఆ అంగడికి ఎక్కించుచుండగా, అదే వీధిలోని తెలుగు రచయిత చేతులు ముడుచుకొని చూడవలసి వచ్చెను. మనవారు చేసిన యత్నములు లేకపోలేదు. 2010లో హైదరాబాదున ఆరంభమైన కినిగె తెలుగు పుస్తకములను తెరపై చదువుకొనునట్లు అమ్మినది. 2014లో బెంగళూరున పుట్టిన ప్రతిలిపి పలు భారతీయ భాషలతో పాటు తెలుగునకును చోటిచ్చినది. 2011 జనాభా లెక్కల ప్రకారము తెలుగువారు ఎనిమిది కోట్లకు పైబడినవారు. ఇంతటి భాషకు అంగడి ఇంత ఆలస్యముగా తెరచుకొనుట విచారకరము.

మా జమాఖర్చు గూడ చెప్పుట న్యాయము. మేము మా ఉద్యోగకాలపు జ్ఞాపకములను ఇరువది నాలుగు భాగములుగా వ్రాసి, ఒక సంస్థవారి తెరపై ప్రకటించితిమి. తెలుగు అక్షరములు కొట్టుట మాకు చేతగాదు. కావున పుటకు నలుబది రూపాయల చొప్పున తొంబదియారు పుటలకు 3,840 రూపాయలు ఇచ్చి అచ్చుకొట్టించితిమి. మొదటి భాగమును 1,900 మంది తెరచినట్లు లెక్క చూపినది. మేము పొంగిపోయి ఇంట పాయసము చేయించితిమి. ఇరువది నాలుగవ భాగమును తెరచినవారు 41 మంది. మాకు జమ పడినది 286 రూపాయలు. కనీస మొత్తము చేరలేదను కారణమున ఆ సొమ్మును ఇంతవరకు మా చేతికి రాలేదు.

ఈ పద్దును చూచి మేము కొన్నాళ్లు సిగ్గుపడితిమి. పిమ్మట ఆలోచింపగా మా తప్పు తెలిసినది. 1,900 మంది మా పాఠకులు కారు. వారు సంతలో నడచుచు అంగడివైపు ఒక చూపు చూచినవారు. తుదివరకు వచ్చిన 41 మందియే పాఠకులు. అందొకరు హొసూరునుండి వ్రాసిరి. ఆమెకు తెలుగు మాటలాడుట వచ్చును, చదువుట రాదు. ఆమె తల్లి ప్రతి భాగమును పైకి చదువగా, వంట చేయుచు తాను వినుచుండెడిదట. ఆ ఉత్తరము విలువ ఏ పద్దు క్రింద వ్రాయవలెనో ముప్పదియేండ్లకు పైగా పద్దులు వ్రాసిన మాకు తెలియలేదు.

ఉపదేశకుల మాటలో మాకు కనిపించు ప్రధాన దోషము ఇదియే. వారు చూపును పాఠకుడని లెక్కించుచున్నారు. ఆ లెక్కకు లోబడిన రచన ఎట్లు మారునో చూడుడు. భాగములు పొట్టివగును. ప్రతి భాగమునకు చివర ఎవరో ఒకరు తలుపు తట్టవలెను. నాయిక ధనవంతుని వివాహమాడుటయు, అతడు కఠినుడై పిమ్మట కరగుటయు నూరు కథలలో ఒకే తీరున సాగును. ఆదివారము వ్రాయకున్న పాఠకుడు జారిపోవునను భయమున, చెప్పవలసినది లేకున్నను చెప్పవలసివచ్చును. వారపత్రికలలో ఈ దోషము లేదని కాదు. కాని అచట సంపాదకుడు ఒక్కొక్కప్పుడైనను "ఇక చాలు" అనెడివాడు. యంత్రము ఆ మాట ఎన్నడును అనదు.

అట్లని ప్రతిదినము వ్రాయుటయే దోషమనుట పొరపాటు. మన పొరుగుననే దృష్టాంతము కలదు. తమిళ రచయిత జెయమోహన్ 2014 జనవరినుండి 2020 జూలై వరకు మహాభారతమును 'వెణ్మురసు' పేర దినమునకొక అధ్యాయముగా అంతర్జాలమున ఉచితముగా ప్రకటించి, ఇరువదియారు నవలలుగా పూర్తి చేసిరి. పాఠకులు చదివిరి, చర్చించిరి, అచ్చు పుస్తకములు కొనిరి. అయితే ఆయనకు చలనచిత్ర రచనవలన వేరుగా ఆదాయము కలదను సంగతి మరువరాదు. తెలుగున 'ఈమాట' పత్రిక 1998నుండి అమెరికాలోని తెలుగువారి పూనికతో నడచుచున్నది. చందా లేదు, ప్రకటనలు లేవు. సమీక్షకుల పరిశీలనము కలదు. ఈ రెండింటను పాఠకులు కూడుకొనినది నిజము. కాని రచయిత బియ్యపు ఖర్చు వేరొకచోటినుండి వచ్చినది. కావున పాఠకులను సంపాదించుట ఒక పని, ధనమును సంపాదించుట మరియొక పని. రెండును ఒకే నాగలికి కట్టిన ఎడ్లని చెప్పుట యువకులను తప్పుదారి పట్టించుటయే.

మన ప్రాంతమునకు ప్రత్యేకమైన చిక్కొకటి కలదు. పటాస్కర్ గారి నిర్ణయము ననుసరించి 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లానుండి మద్రాసు రాష్ట్రమునకు వచ్చినది. పొన్నేరి, తిరువళ్లూరు తాలూకాలలోని కొన్ని గ్రామములు ఆంధ్రమునకు పోయినవి. మేము ఆ కాలముననే పుట్టినవారము. మాకు తెలుగు బడి ఉండెను. 2006నాటి తమిళ అభ్యసన చట్టముతో ఆ ఏడు ఒకటవ తరగతినుండి తమిళము తప్పనిసరియైనది. నివసించు రాష్ట్రపు భాషను నేర్చుట ధర్మమే. దానిని మేము కాదనము. కాని తమిళము వచ్చినందున తెలుగు పోవలసిన పని లేదు. పోయినదనిన అందులో మన అలసత్వము పాలు గూడ ఉన్నది. 2011 లెక్కలలో తమిళనాట తెలుగు తమ భాషయని చెప్పుకొన్నవారు సుమారు 42 లక్షలు. వారిలో తెలుగు అక్షరము చదువగలవారెందరో ఎవరి ఇంటిని వారు చూచుకొనిన తెలియును. మా మనుమడు మా రచనను తెరపై చూచి, "తాతా, ముగ్గులు బాగున్నవి" అనినాడు. మేము నవ్వితిమి గాని ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఆ దృష్టితో చూచిన, వినిపించు కథలకు మనవద్ద ఎక్కువ ప్రయోజనము కలదు. అక్షరము రానివానికి చెవి కలదు. యూట్యూబున తెలుగు కథలు చదివి వినిపించువారు పెక్కురు కలరు. వారిలో కొందరు రచయిత అనుమతి లేకయే చదువుచున్నారు. మన యువకులు 1957నాటి కాపీహక్కుల చట్టమును కొంచెమైనను తెలిసికొనవలెను. రచనపై హక్కు రచయిత జీవితకాలమును, ఆపైన అరువది సంవత్సరములును ఉండును. హక్కును వ్రాసియిచ్చు పత్రములో కాలము చెప్పనిచో ఐదేండ్లనియు, ప్రదేశము చెప్పనిచో భారతదేశమనియు చట్టము భావించును. కాలమును, ప్రదేశమును స్పష్టముగా వ్రాసికొన్న సంస్థలతో ఈ రక్షణ పనికిరాదు. "అంగీకరించితిని" అను చోట వ్రేలు పెట్టుటకు ముందు షరతులు చదువుడు. చదువక చేవ్రాలు చేసి చిక్కులపాలైనవారిని మేము కచేరీలో ఎందరినో చూచితిమి.

ఏమి వ్రాయవలెనను ప్రశ్నకు సమాధానము దూరమున లేదు. స. వెం. రమేశ్‌గారు పులికాటు సరస్సు పరిసరముల జీవితమును అచటి మాటతోనే 'ప్రళయకావేరి కథలు'గా వ్రాసిరి. ఆ సరస్సులో కొంత మన తిరువళ్లూరు జిల్లాలోనిదే. ఆ మాట మరియొకరు వ్రాయలేరు. ఆడికృత్తికనాడు కావడి ఎత్తుకొని వచ్చువారి మాటలు, అరక్కోణము బండిలో తెలుగు తమిళములు కలసిపోవు సంభాషణలు, వీరరాఘవస్వామి కోనేటి గట్టున పెద్దలు చెప్పుకొను సంగతులు మన పిల్లలకు గాక మరెవ్వరికి తెలియును? ధనవంతుని నాయికను వ్రాయుటకు లోకమున వేలమంది కలరు.

ఇక మా వీధి పిల్లలకు మేము చెప్పిన బదులు ఇది. బ్రతుకు గడచుటకు వేరొక పని చూచుకొనుడు. దానిని చిన్నతనముగా భావింపకుడు. వ్రాయుడు, క్రమముగా వ్రాయుడు, చెప్పవలసినది లేనినాడు మానుడు. చివరి భాగమునకు వచ్చినవారినే లెక్కించుడు. వారికి స్వయముగా బదులు వ్రాయుడు. అట్టివారు ఐదువందల మంది ఏర్పడిననాడు పుస్తకము అచ్చువేసి వెల పెట్టుడు. వెల అడుగుటకు సిగ్గుపడవలదు.

ఈ సంచికను చదువు గృహస్థులకు గూడ ఒక మనవి. మనము వివాహమునకు వచ్చిన బంధువునకు తాంబూలముతో రవికగుడ్డ ఇచ్చెదము. ఇకమీదట దానితో ఒక తెలుగు పుస్తకము కొని ఇత్తము. ఉచితముగా చదివి "బాగున్నది" అనుట మర్యాదయే గాని, దానితో రచయిత ఇంట పొయ్యి వెలుగదు. ఆదివారము ఒక గంట ఇంటి పిల్లలకు అక్షరములు దిద్దించుట మరియొక పని. మేము మా మనుమనితో మొదలిడితిమి. ఇప్పటికి 'క' గుణింతము వరకు వచ్చినాడు. ఆ 41 మందికి తోడు నలుబదిరెండవ పాఠకుడు మా ఇంటినుండియే వచ్చునని ఎదురుచూచుచున్నాము.