పలక, పాచిపని: వయోజన విద్యపై ఒక విమర్శ

వయోజన విద్య గురించి రాసే వ్యాసాల్లో ఒక మాట తప్పకుండా కనిపిస్తుంది: చదువు లేకపోవడం వల్ల శ్రామిక స్త్రీలలో చైతన్యం లేదు, అక్షరాస్యత వస్తే చైతన్యం వస్తుంది. పరీక్షల్లో మీరూ ఇలాగే రాసి ఉండవచ్చు. వినడానికి సబబుగా ఉన్న ఈ మాట ఎంతవరకు నిజమో ఈ భాగంలో పరిశీలిద్దాం. ఇళ్లలో పనిచేసే స్త్రీల జీవితాన్ని ఇందుకు గీటురాయిగా తీసుకుందాం.

ముందుగా తెలుగు నేల మీది ప్రసిద్ధ ఉదాహరణ చూడండి. జాతీయ అక్షరాస్యతా మిషన్ 1988లో ఏర్పడింది. నెల్లూరు జిల్లాలో 1991లో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం మొదలైంది. అక్కడి వాచకాల్లో సారా వల్ల చితికిన సంసారాల గురించిన పాఠాలున్నాయి. వాటిలో ‘సీతమ్మ కథ’ బాగా పేరు పొందింది. ఆ తర్వాత దూబగుంట స్త్రీలు తమ ఊరి సారా దుకాణాన్ని మూయించారు. 1992లో ఉద్యమం ఊరూరా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి ప్రభుత్వం రాష్ట్రమంతటా సారాను నిషేధించింది.

ఒక పాఠం ఉద్యమాన్ని పుట్టించిందని చాలామంది రాస్తారు. కాని ఆలోచించండి. కూలి డబ్బు సారా కొట్టుకు పోతోందని ఆ స్త్రీలకు వాచకం చెప్పాలా? అది వారికి రోజూ తెలిసిన సంగతే. వాచకం చేసిన మేలు వేరు. ఎవరింట్లో వారు దిగమింగుకుంటున్న బాధను నలుగురిలో మాట్లాడదగిన విషయంగా మార్చింది. రాత్రిబడి వారు కలిసి కూర్చునే చోటయింది. అంటే చదువు చైతన్యాన్ని తయారు చేయలేదు, ఉన్న చైతన్యానికి చోటూ మాటా ఇచ్చింది.

ఇప్పుడు వరంగల్‌కు రండి. 2011 జనాభా లెక్కల ప్రకారం నాటి వరంగల్ జిల్లాలో పురుషుల అక్షరాస్యత దాదాపు 75 శాతం, స్త్రీలది దాదాపు 56 శాతం. హనుమకొండ, కాజీపేట కాలనీల్లో పొద్దున్నే వాకిళ్లు ఊడ్చి, బోళ్లు తోమి, బట్టలుతికే స్త్రీలను మీరు చూస్తూనే ఉంటారు. దూబగుంటలో ఊరందరికీ కనబడే దుకాణం ఒకటి ఉంది. ఇంటిపని చేసే స్త్రీకి అలాంటిది లేదు. ఆమెకు నాలుగిళ్లలో నలుగురు యజమానులు, నాలుగు రకాల జీతాలు. ఒకే అపార్టుమెంటులో పనిచేసే ఇద్దరికి ఒకరి జీతం ఒకరికి తెలియకపోవచ్చు. సాయంత్రం తరగతి పెట్టే వేళకు ఆమె రెండోపూట బోళ్ల దగ్గర ఉంటుంది, ఆ తర్వాత సొంత ఇంటి వంట. తరగతికి రాకపోతే ఆమెకు ఆసక్తి లేదని తేల్చేస్తాం. లోపం ఆమె ఆసక్తిలో ఉందా, మన వేళల్లో ఉందా?

వేళలు సరిచేసినా, ఏం నేర్పాలన్న ప్రశ్న మిగులుతుంది. బ్రెజిల్ విద్యావేత్త పౌలో ఫ్రెయిరీ 1963లో ఆంజికోస్ పట్టణంలో సుమారు 300 మంది శ్రామికులకు 40 గంటల్లో చదవడం, రాయడం నేర్పే ప్రయోగం చేశాడు. వారి బతుకులోంచి తీసిన పదాలతోనే పాఠాలు నడిచాయి. మన దగ్గర ‘నాగా’ అన్న రెండక్షరాల మాటతో ఒక పాఠం నడపవచ్చు. నెలకు ఎన్ని సెలవులు? జ్వరమొచ్చిన రోజుకు జీతం కోయవచ్చా? యజమానులే ఊరికి వెళ్తే ఆ పది రోజుల సంగతేమిటి? ఇక్కడ అక్షరం, లెక్క, హక్కు ఒక్కసారే వస్తాయి.

చట్టాన్ని కూడా ఇలాగే పాఠం చేయవచ్చు. పని ప్రదేశాల్లో లైంగిక వేధింపులను నిషేధించే 2013 నాటి చట్టం ఇంటిపని చేసే స్త్రీలను పేర్కొంది. యజమాని ఇల్లు కూడా ఆమెకు పని ప్రదేశమే. ఫిర్యాదు చేయడానికి జిల్లా స్థాయిలో స్థానిక కమిటీ ఉండాలి. ఈ నాలుగు మాటలు ఏ వాచకానికీ బరువు కావు.

మీరు ఒక అభ్యంతరం చెప్పవచ్చు: చదువుతో పైకొచ్చిన పనివారు లేరా? ఉన్నారు. బేబీ హల్దార్ చిన్నప్పుడే బడి మానేసి, పన్నెండేళ్లకే పెళ్లయి, తర్వాత పిల్లలతో ఢిల్లీ ప్రాంతానికి వచ్చి ఇళ్లలో పనిచేసింది. యజమాని ప్రబోధ్ కుమార్ ప్రోత్సాహంతో రాసిన ఆమె ఆత్మకథ ‘ఆలో ఆంధారి’ 2002లో హిందీలో వెలువడింది. ఈ పుస్తకాన్ని మంచి యజమాని కథగా చదివితే ఆమెకు అన్యాయం చేసినట్లే. కలం, పుస్తకం ఆయన ఇచ్చి ఉండవచ్చు, చెప్పవలసిన బతుకు ఆమెది. పైగా మంచి యజమాని దొరకడం అదృష్టం, అదృష్టం విద్యావిధానం కాలేదు.

అక్షరం ఒక్కటే జీతం పెంచదన్నదీ నిజమే. అందుకు సంఘం కావాలి, చట్టం అమలు కావాలి. కాని తన నాగాలు తానే రాసుకున్న స్త్రీ నెలాఖరున యజమాని చెప్పిన లెక్కకు తలూపి ఊరుకోనక్కరలేదు.

అభ్యాసం: మీ వీధిలో ఇళ్లలో పనిచేసే ఒకరితో, ఆమెకు తీరిక ఉన్న వేళ, మాట్లాడండి. ఆమె రోజూ వాడే పది మాటలు రాసుకోండి. ఆ మాటలతో ఒక పేజీ వాచకం తయారు చేసి, మొదట ఆమెకే వినిపించండి. ఏది మార్చాలో ఆమె చెబుతుంది.