ఫ్లోరైడు ‘భూతము’: శబ్దవిమర్శనము

నల్లగొండ ప్రాంతపు జలదోషమును గూర్చి తెలుఁగున వ్యాసములు, కథలు, పాటలు పెక్కులు వెలువడినవి. వానిలోఁ దఱచుగాఁ గానవచ్చు మాటలు మూఁడు: ‘ఫ్లోరైడు భూతము’, ‘ఫ్లోరైడు రక్కసి’, ‘ఫ్లోరైడు మహమ్మారి’. వ్రాసినవారి కారుణ్యమును శంకింపరాదు. మెడ త్రిప్పలేని వృద్ధులను, కాళ్లు వంకరవోయిన శిశువులను జూచినవారికి రాక్షసశబ్దము స్ఫురించుట సహజమే. అయినను నీ మాటలు చదువరి మనస్సునఁ గలిగించు భావము వస్తుతత్త్వమునకు విరుద్ధమని నా యభిప్రాయము. అట్లనుటకుఁ గారణములు చెప్పెదను.

మొదట వస్తువు పేరు. పలువురు ‘ఫ్లోరిన్ నీళ్లు’ అని వ్రాయుచున్నారు. ఫ్లోరిన్ లేఁతపసుపు వన్నె గల యతితీక్ష్ణమగు వాయువు. అది నీటిలో నా రూపముతో నిలువదు. నీటఁ గరఁగియుండునది ఫ్లోరైడు. ఈ రెంటిని నొకటిగాఁ జెప్పుట ధాతువును, దానినుండి పుట్టిన రూపమును నొకటే యనుటవంటిది. ఇఁక ఫ్లోరైడునకు బదులు సంస్కృతసమాస మొకటి కల్పింప నక్కఱలేదు. బోరుబావి యొద్ద బిందె పట్టుకొని నిలిచిన యిల్లాలికి నా మాట తెలిసియే యున్నది. తెలిసిన మాటను దీసి తెలియని మాట నుంచుట వ్యాఖ్యాతృధర్మము గాదు.

రెండవది భూతశబ్దము. లోకప్రసిద్ధి ననుసరించి భూతము ఎప్పుడు వచ్చునో, ఎవనిఁ బట్టునో తెలియదు. మంత్రము వేసినఁ బోవును. మహమ్మారి యొకనినుండి మఱియొకనికి సోకును. ఫ్లోరైడు దోషమునకు నీ ధర్మములలో నొక్కటియు లేదు. అది శిలలనుండి వచ్చును. ఆ ప్రాంతపు గ్రానైటు శిలలలో ఫ్లోరైడు గల ఖనిజములున్నవి. కాల్షియము తక్కువై క్షారగుణ మెక్కువైన భూగర్భజలము వానిని జిరకాల మంటియుండుటచే ఫ్లోరైడు నీటఁ గరఁగును. ఆ నీటినే యేండ్లతరబడి త్రాగినవారికిఁ గీళ్లు బిగియును, వెన్ను వంగును. పండ్లేర్పడు వయస్సున ద్రాగిన బిడ్డల పండ్లు గారపట్టి గుంటలు పడును. 1937 లో షార్ట్ మొదలగు వైద్యులు నాఁటి మదరాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా రోగులను బరీక్షించి వ్యాసము ప్రకటించిరి. కారణము నాఁడే తెలిసినది. తెలిసిన కారణమునకు భూతమని పేరిడుట తెలిసినదానిని మరల మఱుఁగుపఱచుట. అందువలన నొక యనర్థము గలదు: భూతము చేసిన పనికి జవాబుదారి యెవఁడును నుండఁడు. బావినీటిని బరీక్షింపనివారు, పరీక్షించియు వేఱునీరు తేనివారు నా శబ్దము చాటున సుఖముగా నిలువవచ్చును.

“కవులు రూపకము వాడరాదా? జలమును బంచభూతములలోనిదే కావున నిందు శ్లేషయుఁ గలదు గదా” యని యొకరు శంకింపవచ్చును. సమాధానము: రూపకమునకు సాధారణధర్మము వలయును. ఇందు భయ మొక్కటియే సాధారణధర్మము, అదియు భిన్నజాతీయము. భూతము వికృతరూపముచే భయపెట్టును. ఈ నీటి భయంకరత్వము వికృతి లేకుండుటయందే యున్నది. అమరసింహుఁడు వారివర్గమున ప్రసన్నము, అచ్ఛము అని తేటనీటికిని, కలుషము, ఆవిలము అని మురికినీటికిని బేళ్లు చెప్పెను. ఇవి యన్నియుఁ గంటి సాక్ష్యముపై నేర్పడిన పదములు. ఫ్లోరైడునకో రంగు లేదు, వాసన లేదు, అంతగా రుచియు లేదు. కాఁచిన నది పోదు. నీ రావిరియైన కొలఁది మిగిలినదానిలో గాఢత హెచ్చును. మన భాషలోని ‘తేటనీరు’ అను మాటయే యిచ్చట మోసపుచ్చినది. కథకుఁడు పట్టుకొనఁదగిన విషాద మిది. రక్కసిని దెచ్చి దానిని గప్పివేసిరి.

మూఁడవది పరిమాణము. ప్రమాణార్థమునఁ బాణిని మాత్రచ్ ప్రత్యయమును విధించెను. తొడలోఁతు నీటిని ఊరుమాత్ర మందుము. వైయాకరణులకు మాత్ర యనఁగా నచ్చు నుచ్చరించు కాలము, రోగికి మందుబిళ్ల. ఒక మాత్ర పెరిగిన హ్రస్వము దీర్ఘమై పదార్థమే మాఱును. ఫ్లోరైడును నట్టిదే. ప్రపంచారోగ్యసంస్థ చెప్పిన హద్దు లీటరునకు 1.5 మిల్లీగ్రాములు. భారతీయప్రమాణము 1 మిల్లీగ్రాము. వేఱు జలాధారము లేనిచో 1.5. అమెరికాలోని గ్రాండ్ రాపిడ్స్ పట్టణమున 1945 లో పండ్లు పుచ్చకుండుటకై యీ ఫ్లోరైడునే నీటఁ గలుపఁ దొడఁగిరి; 2015 లో నా దేశపు సిఫారసు 0.7 కు దిగినది. 1.5 కు మించినచోట శిశువుల బుద్ధిబలము తగ్గుటతో సంబంధము గానవచ్చుచున్నదని 2024 లో నచ్చటి జాతీయ విషవిజ్ఞాన కార్యక్రమము తెలిపెను; 0.7 ను గూర్చి నిర్ణయించుటకు సాక్ష్యము చాలదనెను. 2025 లో యూటా రాష్ట్రము కలుపుటనే నిషేధించెను. అచ్చటి వివాదమంతయు మాత్రను గూర్చినదే. మన వ్రాఁతలలో నా యంకె యెన్నిచోట్లఁ గలదు? భూతమునకుఁ గొలఁత లేదు కావున నా మాట వాడినవానికి నంకెతోఁ బనిలేక పోయినది.

నాగపురమునందలి జాతీయ పరిశోధనసంస్థవారు పటిక, సున్నము, బ్లీచింగు పొడి కలిపి ఫ్లోరైడును దీయు పద్ధతిని గనుఁగొని ‘నల్లగొండ పద్ధతి’ యని పేరిడిరి. రోగమునకుఁ బేరుపడిన యూరు చికిత్సకును బేరైనది. ఇది మన కవుల భూతముకంటె మేలైన నామకరణము. తెలంగాణమున 2016 లో మిషన్ భగీరథ ప్రారంభమై నదీజలములను గొట్టములద్వారా గ్రామములకుఁ జేర్చినది. మంచినీరు క్రొత్త దోషము నాపఁగలదు. బిగిసిన వెన్నును మరల వంపఁజాలదు. కావున నా వెనుకటి తరమును గూర్చి వ్రాయవలసిన దింకను గలదు. వ్రాయువా రే యూరు, ఏ బావి, ఎన్ని మిల్లీగ్రాములు, ఏ యేఁడు పరీక్షించిరి, తరువాత నెన్నియేండ్లు త్రాగిరి యని యడిగి వ్రాయుదురుగాక. ఆ యైదింటిని జెప్పిన వాక్యమునకు రక్కసి సాయ మక్కఱలేదు.