ఒకరు మేకు, ఒకరు సుత్తి

తొంభైల్లో టీవీకి వీడియో గేమ్ తగిలించుకుని పెరిగినవాళ్లకి ‘కాంట్రా’ గుర్తుండే ఉంటుంది. జలపాతం ఎక్కే మూడో దశలో అన్న గబగబా పైకి ఎగబాకితే తెర కూడా వాడితోపాటే పైకి జరిగేది. కింద మిగిలిపోయిన తమ్ముడు తెర అంచు దాటి చచ్చేవాడు. అక్కడ మొదలయ్యే పోట్లాటని అమ్మ వచ్చి ఆపాల్సిందే. అది ఇద్దరు కలిసి ఆడుకునే ఆటే. అయినా ఇద్దరూ ఉండి తీరాల్సిన ఆట కాదు. ఒక్కడే చివరిదాకా వెళ్లగలడు. రెండోవాడు ఉంటే తోడు, ఒక్కోసారి అడ్డం.

రెండోవాడు లేకపోతే అడుగు కూడా పడని ఆట తయారు చేయాలని పట్టుబట్టినవాడు జోసెఫ్ ఫారెస్. బీరూట్‌లో పుట్టి స్వీడన్‌లో స్థిరపడిన సినిమా దర్శకుడు. 2013లో వచ్చిన ఆయన మొదటి గేమ్ ‘బ్రదర్స్’లో ఆడేది ఒక్కరే, కానీ కంట్రోలర్‌లో ఎడమ స్టిక్ అన్నయ్యది, కుడి స్టిక్ తమ్ముడిది. తరవాత స్టాక్‌హోమ్‌లో హేజ్‌లైట్ స్టూడియో పెట్టి, 2018లో జైలు నుంచి పారిపోయే ఇద్దరి కథ ‘ఎ వే అవుట్’ చేశారు. ఆ దారిలో పండిన ఆట 2021 మార్చిలో వచ్చిన ‘ఇట్ టేక్స్ టూ’. ఆ ఏడాది గేమ్ అవార్డ్స్‌లో ‘గేమ్ ఆఫ్ ద ఇయర్’ దీనికే దక్కింది. ఒంటరిగా ఆడే వీలే లేని ఆటకి అంత గౌరవం దక్కడం విశేషమే.

కథ చిన్నది. కోడీ, మే అనే భార్యాభర్తలు విడాకులకి సిద్ధపడతారు. కూతురు రోజ్ కార్చిన కన్నీళ్లు బొమ్మల మీద పడి తండ్రి మట్టిబొమ్మగా, తల్లి చెక్కబొమ్మగా మారిపోతారు. ఇక వాళ్ల ఇంటి షెడ్డు, పెరట్లో చెట్టు, గోడ గడియారం, అటక ఒక్కొక్కటీ ఒక్కో లోకం.

షెడ్డు ఘట్టం చూస్తే ఆట కిటుకు తెలిసిపోతుంది. కోడీ చేతికి మేకులు వస్తాయి, మే చేతికి సుత్తి. కోడీ చెక్కగోడకి మేకు విసిరి దిగేస్తే, మే ఆ మేకుకి సుత్తి తగిలించి ఊగుతూ అవతలి గట్టుకి దూకుతుంది. అక్కడ ఆమె సుత్తితో మీట కొడితేనే కోడీకి దారి. మేకుని వెనక్కి రప్పించడం కోడీ చేతిలోనే ఉంది. ఆమె ఇంకా ఊగుతుండగానే లాక్కున్నాడా, ఆమె కిందపడుతుంది. అందుకే ఈ ఆట నడుస్తున్న గదిలో “ఆగు... ఇప్పుడు వెయ్... అరే, నేనింకా దిగలేదు!” అన్న మాటలు వినబడుతూనే ఉంటాయి. ఆట అసలు బలం ఆ మాటల్లోనే ఉంది. ఎవరి పని వారిది, కానీ ఎవరి పనీ ఒంటరిగా పూర్తికాదు.

చెట్టు మీదకి వెళ్లేసరికి పనిముట్లు మారిపోతాయి. కోడీ తుపాకీలోంచి మండే జిగురు చిమ్ముతుంది, మే తుపాకీ అగ్గిపుల్లలు విసురుతుంది. జిగురు పూసిన చోట పుల్ల పడితేనే పేలుడు. గడియారంలో అతను వస్తువుల కాలాన్ని ముందుకీ వెనక్కీ తిప్పుతాడు, ఆమె తనలాంటి నకలుని ఒకచోట నిలిపి కోరినప్పుడు అక్కడికి చేరుకుంటుంది. తెర చాలావరకు నిలువుగా రెండు ముక్కలే. ఆన్‌లైన్‌లో ఆడినా అంతే. ఎదుటివాళ్ల అవస్థ మీకు కనబడుతూనే ఉండాలి, అదీ ఉద్దేశం.

ఇలా ప్రతి అధ్యాయానికీ పాత పనిముట్లు పారేసి కొత్తవి ఇవ్వడం వల్ల విసుగు రాదన్నది నిజమే. కానీ చెయ్యి తిరిగే వేళకే చేతిలోది లాగేసుకుంటారు. ఆ జిగురూ అగ్గిపుల్లలతోనే ఇంకో రెండు గంటలు నడిపించగల సరుకుంది. విందులో ప్రతి వంటకమూ ఒక్క ముద్దే పెట్టి విస్తరి తీసేసినట్టుంటుంది.

ఇంతకన్నా పెద్ద చిక్కు ఇంకోటుంది. కంట్రోలర్ ఎన్నడూ పట్టనివాళ్లకి ఒక స్టిక్‌తో నడవడం, ఇంకో స్టిక్‌తో చూపు తిప్పడమే గండం. ఆపైన గాల్లో రెండోసారి గెంతాలి, ముందుకి దూసుకెళ్లాలి. కష్టం స్థాయి ఎంచుకునే ఏర్పాటు ఆటలో లేదు. చావుకి శిక్ష దాదాపు లేదు, ఒక బటన్ టపటపా నొక్కితే మళ్లీ బతికొస్తారు, అది దయే. అయినా ఆరితేరినవాడు రెండోవాళ్ల పని తానే చేసేసి గట్టెక్కించలేడు. ఆటకి పేరు తెచ్చిన నియమమే ఇక్కడ అడ్డుగోడ. ఓపిక లేని జంట మొదటి గంటలోనే కంట్రోలర్ కింద పెట్టేస్తుంది.

కథ విషయంలో మాత్రం నేను మెచ్చుకోలేను. డాక్టర్ హకీం అనే మాట్లాడే పుస్తకం అడుగడుగునా ఊడిపడి కాపురం గురించి ఉపన్యాసం ఇస్తుంది. మే ఉద్యోగానికే అంకితమై పాట మరిచిపోయింది, కోడీ తోటని వదిలేశాడు అంటారు. ఆ అభిరుచులు తిరిగొస్తే కాపురం కుదురుకుంటుందట! అసలు ఎక్కడ చెడిందో ఇద్దరూ నోరు విప్పి మాట్లాడుకున్నది తక్కువ. ఇక ఏనుగు బొమ్మ ఘట్టం. కూతురి కన్నీళ్లు పడితే మనుషులమైపోతామని నమ్మి, ఆమె ప్రాణంగా చూసుకునే ఏనుగు బొమ్మని వీళ్లు అంచుదాకా ఈడ్చుకెళ్లి పడేస్తారు. అది బతిమాలుతుంటుంది, దాని చెవి ఊడుతుంది. ఆ ఈడ్చే బటన్లు నొక్కాల్సింది మనమే. తల్లిదండ్రుల స్వార్థాన్ని మన చేతులకి అంటించడం గొప్ప ఎత్తుగడ. తీరా చూస్తే కాసేపటికే జోకుల్లో పడి ఆట దాన్ని మరిచిపోతుంది. చేయించిన పాపానికి లెక్క చెప్పదు. చేతులకి నేర్పినంత బాగా నోటితో చెప్పలేకపోయిందన్నది ఈ ఆట మీద నా ఫిర్యాదు.

2025లో ఇదే స్టూడియో నుంచి ‘స్ప్లిట్ ఫిక్షన్’ వచ్చింది. ఒకరు సైన్స్ ఫిక్షన్, మరొకరు ఫాంటసీ రాసే ఇద్దరు రచయిత్రుల కథ. పనితనం ఇంకా పదునెక్కింది. అయినా మొదటిసారి ఆడేవాళ్లకి నేను ‘ఇట్ టేక్స్ టూ’నే చెబుతాను. పరుగు కాస్త నెమ్మది, చోటు ఇంటి పరిసరాలే.

ఒకరు కొంటే చాలు, ‘ఫ్రెండ్స్ పాస్’తో రెండోవాళ్లు ఉచితంగా చేరొచ్చు. హైదరాబాద్‌లో తమ్ముడు, డల్లాస్‌లో అక్క ఉన్న ఇళ్లకి ఇది పనికొచ్చే సదుపాయం. కాకపోతే ఒకరిది ప్లేస్టేషన్, మరొకరిది ఎక్స్‌బాక్స్ అయితే కుదరదు. తెలియనివాళ్లని జతచేసే ఏర్పాటూ లేదు. కాబట్టి కొనేముందు ఎవరితో ఆడతారో ఖాయం చేసుకోండి, వాళ్ల దగ్గర ఏ మెషీన్ ఉందో అడగండి.